పదకొండో రోజు దాకా

రత్నం ఊడ్పు చేలోంచి నడుం దాకా బురదతోనే పరుగెత్తుకొచ్చి కామందుగారి దొడ్డి గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి రావడానికి వీల్లేదు. ఇంట్లో పురుడు. పైగా రత్నం ఊరి బయటి పేట మనిషి. గుమ్మం అవతల నిలబడే కేక పెట్టింది.

"సువార్తమ్మత్తా! పుష్పమ్మకి నొప్పులొచ్చేసినాయి. బిడ్డ చెయ్యి ముందొచ్చింది. నువ్వు రావాలత్తా, ఉన్నపళంగా రావాలి!"

సువార్తమ్మ అప్పుడు కామందు రాజగోపాలం గారి మనవడికి నీళ్ళు పోసి, కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని వీపు రాస్తోంది. పుష్పమ్మ ఆమె ఒక్కగానొక్క కూతురు. తొలి కానుపు. నెలలు నిండినా పని మానడానికి కూలీల మేస్త్రి ఒప్పుకోలేదు కాబట్టి పొద్దున్నే ఊడ్పు వరసలో నిలబడింది. నొప్పి వచ్చి నడుం ఎత్తితే, "ఈ నారుకట్ట అయిందాకా వంగు. మీ అమ్మలు గట్ల మీద కనలేదా?" అన్నాడట మేస్త్రి. కట్ట అయ్యేదాకా వంగింది. రత్నం వగరుస్తూ ఇదంతా చెప్పింది.

చుట్టుపక్కల ఏడు ఊళ్ళకి సువార్తమ్మే మంత్రసాని. కొల్లేటి లంకల్లో చేపలు పట్టేవాళ్ళ పిల్లలూ, పేటలో కూలోళ్ళ పిల్లలూ, కామందుల వారసులూ అందరూ ఆమె చేతుల్లోనే భూమ్మీద పడ్డారు. అడ్డం తిరిగిన బిడ్డని తిప్పి, కాళ్ళు అందుకుని, తల్లీబిడ్డల్ని దక్కించిన మనిషి. ఆ విద్య ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు.

అయితే ఒక ఆచారం ఉంది. కామందు ఇంట పురుడు వస్తే మంత్రసాని పదకొండో రోజు స్నానం దాకా అక్కడే ఉండాలి. బాలింతకీ బిడ్డకీ అన్నీ ఆమే చేయాలి, ఎందుకంటే ఆ ఇంట్లో వాళ్ళెవరూ పురిటి మనిషిని ముట్టుకోరు. ఆమె పడక గొడ్లసావిట్లో. ఈలోగా మరో పురుటికి వెళితే ఆ మైల ఈ మైలలో కలిసి బిడ్డకి గండమట. ఆదివారం ఆదివారం ఏసుప్రభువుకి పాటలు పాడే సువార్తమ్మ కూడా దాన్ని నమ్మింది. పాతికేళ్ళ కిందట ఒకసారి మధ్యలో వెళ్ళొచ్చింది. ఈ ఇంటి బిడ్డే అయిదో రోజున పోయింది. నువ్వే చంపావన్నారు. అవునేమో అనుకుని అప్పటినుంచి బతుకుతోంది.

ఆ రోజు ఎనిమిదో రోజు.

కామందుగారి భార్య రాజేశ్వరమ్మ వసారాలో కూర్చుని తమలపాకులకి ఈనెలు తీస్తోంది. గొంతు పెంచే మనిషి కాదు. "వెళతావుటే? వెళ్ళు. నేనేం కట్టేశానా? మూడ్రోజుల్లో స్నానం పెట్టుకుని, అక్కడి మైల తెచ్చి నా మనవడికి అంటిస్తానంటే నీ ఇష్టం. వాడికేమన్నా అయితే ఆ పాపం మాత్రం నీదే సుమా," అంది.

సువార్తమ్మ గుమ్మం దాకా వెళ్ళింది. గుమ్మానికి తలుపు కూడా వేసి లేదు. అవతల రత్నం చెయ్యి చాపింది. సువార్తమ్మ కాళ్ళు కదల్లేదు. ఒళ్ళో ఆ పసివాడి వెచ్చదనం ఇంకా పోలేదు.

"మోకాళ్ళ మీద వంచండే. తల కిందకి, నడుం పైకి ఉండాలి. ఆ చెయ్యి పట్టుకుని లాగొద్దు, నీకు దణ్ణం పెడతాను, లాగొద్దు. ఎవరో ఒకరు దాని మొకం దగ్గర కూకోండి," అని అక్కడి నుంచే చెప్పింది.

రత్నం పరుగెత్తింది. మళ్ళీ వచ్చింది. "అమ్మేదీ అంటందత్తా." మళ్ళీ పరుగెత్తింది. మళ్ళీ వచ్చింది. "అమ్మేదీ అనే అంటంది. ఇంకేం మాటాడట్లేదు." ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే భీమడోలు దాకా బండి, ఆ పైన రైలు. వానకి బండి దారి మునిగి ఉంది. మూడోసారి రత్నం పరుగెత్తలేదు. మామూలుగా నడిచే వచ్చింది. అది చూసి సువార్తమ్మ గుమ్మం దాటింది.

ఇక్కడ కోపం రాని మనిషికి ఈ కథతో పని లేదు. ఇంతటితో ఆపేసి వెళ్ళిపోవచ్చు.

కూతురికీ, కడుపులోనే పోయి బయటపడ్డ మనవరాలికీ సువార్తమ్మే స్నానం చేయించింది. పుష్పమ్మ పెదవి పంటి కింద తెగి ఉంది. కామందు ఇంటికీ పేటకీ మధ్య నాలుగు చేల దూరం. ఏడు ఊళ్ళ ఆడాళ్ళకి "నేనున్నానుగా" అని చెప్పిన నోరు కన్నకూతురికి ఆ ఒక్క మాటా చెప్పలేకపోయింది. మట్టి చేశాక ఇంటికొచ్చి కూర్చుంది. ఏడుపు రాలేదు.

మర్నాడు కామందు ఇంటి పాలేరు వచ్చాడు. "అమ్మగారు రమ్మంటన్నారు. ఇంకా రెండ్రోజులుంది కదా. చావు మైల కాబట్టి కాలవలో మునిగి రమ్మన్నారు."

సువార్తమ్మ వాడి మొహంలోకి చూసింది. ఏడుపు రావలసిన చోటికి అప్పుడు కోపం వచ్చింది.

"రానన్నానని చెప్పు. పాతికేళ్ళ నాడు పోయిన బిడ్డ మైల వల్ల పోలేదు. నెల ముందే పుట్టి, పాలు తాగలేక చచ్చిపోయింది. నాకు తెలుసు. తెలిసీ వాళ్ళ మాటే నమ్మాను. అదీ చెప్పు."

ఆదివారం మిషను బడి పాకలో కూలీల సంఘం మీటింగు జరిగింది. సంఘం పెట్టి ఏడాది కాలేదు. తాడేపల్లిగూడెం రైసుమిల్లులో పనిచేసే తోమా సంఘం తరఫున మాట్లాడడానికి వచ్చాడు. పుష్పమ్మ మొగుడు యోబు సంఘానికి కార్యదర్శి. మగాళ్ళు ముందు కూర్చున్నారు, ఆడాళ్ళు వెనక గోడకి చేరగిలబడ్డారు. తోమా లేచి కూలి కొలత గురించీ, మేస్త్రి పెత్తనం గురించీ చెబుతున్నాడు. మంచి మాటలే. కానీ సువార్తమ్మ మధ్యలో లేచింది.

"బాబూ, ఒక్కమాటండి. మా కాన్పుల సంగతి ఎవరు మాటాడతారండి?"

తోమా తడబడ్డాడు. "అది ఆడాళ్ళ విషయం కదండి, అమ్మగారూ. ఇది సంఘం..."

"నడుం వంచి నారు ఊడిస్తే కూలోళ్ళం. ఆ నడుంలోనే నొప్పొత్తే ఆడాళ్ళమా?"

గోడ దగ్గర రత్నం లేచింది. "నేను రెండోవోణ్ణి కలుపు చేలో కన్నాను. నాకిప్పటికీ బిడ్డ ఏడుపు గుర్తు లేదు. మేస్త్రి కేకలే గుర్తున్నాయి. అయిదోరోజున మళ్ళీ చేలోకి దిగాను. పాలు కారి రైకంతా తడిసిపోతే, గట్టు మీద మగాళ్ళు నవ్వారు."

లంక నుంచి వచ్చిన ముసలి బుల్లెమ్మ అంది: "నేను దోనెలో కన్నానమ్మా. చుట్టూ నీళ్ళు. మా ఆయన అటు తిరిగి గెడేసి దోనె నెడతన్నాడు, ఇటు చూడకూడదని. సచ్చిపోతానని భయమెయ్యలేదు. ఒక్కదాన్నే సచ్చిపోతానని భయమేసింది. ఓ చెయ్యి ఉంటే చాలు, పట్టుకోడానికి."

ఇక ఎవరూ ఆగలేదు. అత్త తిట్టిన తిట్లు, చీకటి గదిలో దాహానికి నీళ్ళు అడిగితే ఇవ్వని గంటలు, చచ్చిపుట్టిన బిడ్డ గురించి ఏడిస్తే "ఊరుకో, మళ్ళీ కంటావులే" అన్న మాటలు, అన్నీ బయటికొచ్చాయి. మొగుళ్ళకి కూడా చెప్పుకోని సంగతులు అరవైమంది మగాళ్ళ ముందు చెప్పారు. మగాళ్ళు తలలు దించుకున్నారు. యోబు పాక బయటికి వెళ్ళి గోడకి తల ఆనించి ఏడ్చాడు.

తోమా నోటుపుస్తకంలో రాసుకున్నది కొట్టేశాడు. "మీరు చెప్పండమ్మా, నేను రాత్తాను," అన్నాడు.

ఏడో నెల వచ్చిన మనిషిని ఊడ్పుకి వంచకూడదు. కన్నాక నెల్లాళ్ళు చేలోకి పిలవకూడదు, ఆమె పని వేరేవాళ్ళకి ఇచ్చెయ్యకూడదు. చేలో ఎవరికి నొప్పులు వచ్చినా, ఆమె కోరిన మనిషి ఆమెతో వెళ్ళాలి. మంత్రసాని ఎవరి దొడ్లోనూ కట్టుబడి ఉండదు. ఏ ఇంటి నుంచి పిలుపు వస్తే ఆ ఇంటికి వెళుతుంది. చివరి షరతు సువార్తమ్మ రెండుసార్లు చదివించుకుంది.

సంఘం పంపిన కాగితం చూసి కామందు నవ్వాడట. మేస్త్రికి ఇచ్చి, పొయ్యిలో వెయ్యమన్నాడట. సోమవారం నుంచి ఒక్క ఆడది చేలోకి దిగలేదు.

ఊడ్పుల కాలంలో పని ఆగడమంటే ఏమిటో వ్యవసాయం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. దమ్ము చేసిన చేలు నీళ్ళు పెట్టుకుని ఎదురు చూస్తున్నాయి. ఆకుమళ్ళలో నారు ముదురుతోంది. అవతల కొల్లేరు రోజుకింత చొప్పున పొంగుతోంది. నాలుగో రోజున కామందు ముదినేపల్లి వైపు నుంచి రెండు బళ్ళ కూలీలని తెప్పించాడు. పేట ఆడాళ్ళు బళ్ళకి అడ్డం నిలబడ్డారు. కొట్టలేదు, తిట్టలేదు. పుష్పమ్మ సంగతి చెప్పారు. బండిలో ఒక మనిషి నిండు నెలలతో ఉంది. ఆ పిల్ల కిందికి దిగి, "మరి నన్నెందుకు ఎక్కించారు ఈ బండి?" అని తన మేస్త్రినే నిలదీసింది. బళ్ళు వెనక్కి తిరిగాయి.

ఏడో రోజు పొద్దున్నే కామందు ఇంటి బండి పేట మొదట్లోకి వచ్చి ఆగింది. ఈసారి పాలేరు రాలేదు. రాజేశ్వరమ్మే వచ్చింది. బండి దిగలేదు.

"చిన్న కోడలికి నిన్న మధ్యాన్నం నించీ నొప్పులు. తల్లి లేని పిల్లని మా ఇంట్లోనే పురుడు పెట్టుకున్నాం. రావే సువార్తమ్మా," అంది.

యోబు అడ్డం వచ్చాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎల్లొద్దు. నువ్వు ఎల్లడానికి వీల్లేదత్తా. నా పెళ్ళాం అరిసినప్పుడు వాళ్ళకి ఇనపడలేదు. ఇప్పుడు వాళ్ళు అరవనీ. అప్పుడు తెలుత్తాది."

"ఔను, తెలియనీ!" అన్నారు నలుగురైదుగురు మగాళ్ళు.

సువార్తమ్మ అల్లుడి భుజం మీద చెయ్యి వేసింది. "ఎవరు అరుత్తారురా? కామందా? ఆయన వసారాలో కూకుని చుట్ట కాలుత్తాడు. అరిసేది ఆ పిల్ల. పద్దెనిమిదేళ్ళు లేవు. దాని పక్కన ఎవరున్నారనుకుంటన్నావు? మైలని గది బయట నిలబడి చూత్తా ఉంటారు. పుష్పమ్మ నన్ను పిలిస్తే నేను ఎల్లలేదు. ఇంకో పిల్ల పిలిస్తే ఎల్లకుండా ఉండడం నేర్చుకోడానికా సంఘం పెట్టాం?"

యోబు పక్కకి తప్పుకున్నాడు. సువార్తమ్మ బండి దగ్గరికి వెళ్ళింది.

"వత్తానమ్మగోరండీ. నాతో రత్నం వత్తాది, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూకుంటాది. బిడ్డ పుట్టి, మాయ పడి, తల్లి తేరుకున్నాక నేను ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి ఎల్తాను. రోజూ వచ్చి చూసుకుంటాను. పదకొండో రోజు దాకా ఉండను. ఒప్పుకుంటున్నానని అందరి ముందూ అనండి."

రాజేశ్వరమ్మ పెదవులు కదిపింది. "సరే."

"ఇనపడేలా అనండి."

"సరేనంటున్నానుగా!"

పేట మొత్తం విన్నది.

గది చీకటిగా ఉంది, కిటికీ మూసేశారు. ఆ పిల్ల నులకమంచం పట్టె పట్టుకుని, గోడకేసి తిరిగి వణుకుతోంది. పట్టుచీరల ఇల్లు, ఆ పిల్లకి ఒక చిరిగిన పాత చీర కట్టి పడేశారు. రత్నం కిటికీ తెరిచింది. సువార్తమ్మ ఆ పిల్ల నుదురు తుడిచి, "నేనున్నాను తల్లీ" అంది. ఆ పిల్ల రెండు చేతులతో రత్నం ముంజెయ్యి పట్టుకుని, "వెళ్ళిపోకండి, మీకు పుణ్యం ఉంటుంది" అంది. గోళ్ళు దిగి రత్నం చెయ్యి నెత్తురు కారింది. రత్నం చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

సువార్తమ్మ చేతులు కడుక్కుంటూ ఉండగానే లంక నుంచి సోమరాజు వచ్చి దొడ్డి గుమ్మం దగ్గర కేక పెట్టాడు. వాడు చేపలు పట్టే మనిషి. "సువార్తమ్మా! మా సత్యవేణికి ఉమ్మనీరు పోయిందే. కాలు కనపడతందంట!"

సువార్తమ్మ కొంగు బిగించి గుమ్మం దగ్గరికి నడిచింది. ఈసారి గుమ్మానికి తలుపు వేసి ఉంది. తలుపుకి తాళం ఉంది. తాళం ముందు మేస్త్రి ఉన్నాడు. వసారాలోంచి కామందు రాజగోపాలం గారు చుట్ట నోట్లోంచి తీయకుండానే అన్నారు.

"ఆడది ఏదో అంటే అది మాటవుతుందా? ఆచారం ఆచారమే. పదకొండో రోజు దాకా కదలడానికి వీల్లేదు. చేపలు పట్టేవాళ్ళ పిల్లలు వాళ్ళే పుడతారు."

సువార్తమ్మ తలుపుకి దగ్గరగా జరిగింది. తరవాత పొట్టలో ఉన్న గాలంతా గొంతులోకి తెచ్చి, తలుపు అవతలికి కేకేసింది. "సోమరాజా! పేటకి పోయి చెప్పు. తాళం ఏశారని చెప్పు!"

ఎంతోసేపు పట్టలేదు. నాలుగు చేల దూరమే కదా. గట్ల మీద ఆడాళ్ళు పరుగెత్తుకొచ్చారు, వాళ్ళ వెనక మగాళ్ళు, వాళ్ళ ముందు యోబు. తలుపు మీద చేతులు పడ్డాయి. మేస్త్రి కర్ర ఎత్తాడు. అప్పుడు పురిటి గదిలోంచి ఒక గొంతు వినబడింది. గంట కిందట బిడ్డని కన్న పిల్ల, బలమంతా కూడదీసుకుని అరుస్తోంది.

"వెళ్ళనివ్వండి ఆవిడని! మామగారూ, అక్కడా నాలాంటిదే ఉంది! వెళ్ళనివ్వండి!"

ఆ ఇంట్లో కోడలు మామగారితో మాట్లాడడం అదే మొదలు. మేస్త్రి చేతిలో కర్ర దిగిపోయింది. తలుపు కీలు ఊడి దొడ్లో పడింది. సువార్తమ్మ ఆ తలుపు మీదుగా నడిచి బయటికొచ్చింది.

కామందు భీమడోలు పోలీసులకి కబురంపాడు. ఇంటి మీద పడ్డారు, తలుపు పగలగొట్టారు, దానంతటికీ మూలం మంత్రసాని అని ఫిర్యాదు. హెడ్డు కానిస్టేబులూ ఆరుగురు జవాన్లూ లంకకి చేరేసరికి సాయంత్రం నాలుగయింది. వాళ్ళు వచ్చే సరికి సోమరాజు పాక చుట్టూ ఆడాళ్ళు మూడు వరసలుగా కూర్చుని ఉన్నారు. చేపలు పట్టేవాళ్ళ ఆడాళ్ళూ, పేట ఆడాళ్ళూ కలిసి. ఒకరి ఇంట ఒకరు మంచినీళ్ళు తాగని మనుషులు మోచేతులు ముడేసుకుని కూర్చున్నారు. లోపల సత్యవేణి మూలుగు వినబడుతోంది, దాని వెంటే సువార్తమ్మ గొంతు. "నా కళ్ళలోకి చూడు. భయం వేత్తే నన్ను తిట్టు. ఇక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను."

"లేవండి. ఆ మనిషిని అరెస్టు చెయ్యాలి," అన్నాడు హెడ్డు.

ముసలి బుల్లెమ్మ తల ఎత్తింది. "పురుడు జరుగుతందండి, బాబూ. మగోళ్ళు ఎల్తారేటండీ లోపలికి?"

"ఇది గవర్నమెంటు ఆర్డరు!"

"మీ అమ్మగారు మిమ్మల్ని కనేటప్పుడు గవర్నమెంటోరిని రానిచ్చారండీ?"

జవాన్లలో ఒకడు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. హెడ్డు లాఠీ తీసి ముందు వరసలో ఇద్దరిని కొట్టాడు. రత్నానికి చెవి పైన చిట్లింది. వరస విడలేదు. పురిటిపాకలోకి మగవాడు పోకూడదన్న ఆచారం కామందుది కూడా, హెడ్డుది కూడా. ఇన్నాళ్ళూ ఆడదాన్ని ఒంటరిగా పడేయడానికి పనికొచ్చిన ఆచారాన్ని ఆ పూట ఆడాళ్ళు అడ్డుగోడ కట్టుకున్నారు. హెడ్డు లాఠీ చంకలో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

పొద్దు కొల్లేట్లోకి వాలుతుండగా బిడ్డ ఏడ్చింది. కాళ్ళు ముందుగా వచ్చిన బిడ్డ, మెడకి పేగు చుట్టుకున్న బిడ్డ. అయినా ఏడ్చింది. ఆ ఏడుపు విని కూర్చున్న ఆడాళ్ళంతా ఏడ్చారు, సోమరాజూ ఏడ్చాడు, యోబు మాత్రం నిలబడి పాక వైపు చూస్తూ ఉండిపోయాడు.

సువార్తమ్మ ఇంకా కొంతసేపటికి గాని బయటికి రాలేదు. మాయ పడాలి, నెత్తురు ఆగాలి, తల్లి రొమ్ముకి బిడ్డని పెట్టాలి. అన్నీ అయ్యాక వచ్చింది. మోచేతుల దాకా నెత్తురు.

"నీళ్ళు పొయ్యండమ్మా. హెడ్డుగోరు చాలాసేపట్నించి కూకున్నారు."

చేతులు కడుక్కుంది. ఆ తడి చేతులకే బేడీలు వేశారు. రత్నాన్ని దగ్గరికి పిలిచి, "సత్యవేణి పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఏడుత్తే ఏడవనివ్వండి, ఎందుకని అడక్కండి," అని చెప్పింది. తరవాత జవాన్ల మధ్య గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

తెల్లారేసరికి కామందు చేలో ఎవరూ లేరు. పక్క ఊరి కామందుల చేలలోనూ లేరు. ఏడు ఊళ్ళ ఆడాళ్ళు భీమడోలు దారి పట్టారు. బండి పోని చోట దోనెల్లో వచ్చారు, దోనె పోని చోట నడిచారు. పది గంటలకల్లా పోలీసుస్టేషను ముందు రోడ్డంతా వాళ్ళే. హెడ్డు కానిస్టేబులు బయటికొచ్చి అరిచాడు.

"ఏంటిదంతా? మళ్ళీ గొడవకొచ్చారా?"

చెవికి గుడ్డ కట్టుకున్న రత్నం ముందుకొచ్చింది. నలుగురు నిండు గర్భిణుల్ని చేతులు పట్టుకుని నడిపించుకొచ్చి స్టేషను మెట్ల మీద కూర్చోబెట్టింది. అందులో ఒకామె ముదినేపల్లి బండి దిగిన పిల్ల. ఆమె అప్పటికే పంటి బిగువున నడుం పట్టుకుని ఉంది.

"గొడవేం లేదండి, బాబూ," అంది రత్నం. "ఈళ్ళకి నెలలు నిండిపోయినాయండి. మంత్రసాని లోపలుంది కదండీ, అందుకని ఇక్కడే కంటారండి. తలుపు తియ్యండి."